మూడేళ్ల పాపకు గుండెలో మర్మర్ ఉందన్నారు, ఎంతవరకు భయపడాలి?

పలమనేరు నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న సంగ్రహంగా ఇది. మూడేళ్ల పాపకు జ్వరం వస్తే పిల్లల డాక్టరుకు చూపించారు. ఆయన ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి మామూలు కన్నా ఎక్కువసేపు విని, "గుండెలో మర్మర్ ఉంది, తిరుపతిలో ఒకసారి ఎకో తీయించండి" అని చీటీ రాసిచ్చారు. మర్మర్ అంటే గుండె చప్పుళ్ల నడుమ వినిపించే అదనపు శబ్దం, ఎకో అంటే గుండెకు తీసే స్కానింగు. పాప బాగానే తింటుంది, రోజంతా పరుగులే. అయినా ఆ చీటీ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఎవరికీ కంటి మీద కునుకు లేదు. గుండెకు రంధ్రం పడిందా, ఆపరేషన్ చేయించాలా, పాపను ఆడనివ్వాలా వద్దా, మెట్లదారిన తిరుమల ఎక్కిస్తామన్న మొక్కు తీర్చుకోవచ్చా అని అడుగుతున్నారు.

తిరుపతిలో పిల్లల వైద్యుడిగా ఈ ప్రశ్నలన్నీ నేను తరచూ వినేవే. ముందు జవాబు చెప్పి, తర్వాత కారణాల్లోకి వెళ్తాను.

మీ పాప విషయంలో ఇది జబ్బు కాకపోవడానికే ఎక్కువ అవకాశం. మూడేళ్ల వయసు, వయసుకు తగ్గ బరువు, ఆయాసం లేకుండా ఆటలు, జ్వరంలో ఉండగా మొదటిసారి వినిపించిన శబ్దం: ఈ నాలుగూ కలిసినప్పుడు అది చాలావరకు ఏ హానీ లేని మర్మరే అవుతుంది. జ్వరం తగ్గాక రెండు మూడు వారాలు ఆగి అదే డాక్టరుకు మళ్లీ వినిపించండి. అప్పటికీ ఉంటే ఒక్కసారి ఎకో తీయించండి. ఈ రాత్రికే కారు మాట్లాడుకుని బయలుదేరాల్సిన పని లేదు. అయితే మీ పాపకు మూడేళ్లు కాక మూడు వారాలే ఉండి ఉంటే నేను ఇంత నింపాదిగా మాట్లాడేవాడిని కాదు. ఈ తేడా ఎందుకో కింద చెబుతాను.

గుండె కొట్టుకునేటప్పుడు మనకు వినిపించే "లబ్-డబ్" కవాటాలు మూసుకునే చప్పుడు. ఆ రెండింటి నడుమ రక్తం ప్రవహించే శబ్దం సాధారణంగా బయటికి వినపడదు. పిల్లల ఛాతీ పలుచన, గుండె స్టెతస్కోపుకు దగ్గరగా ఉంటుంది, రక్తం వేగంగా పారుతుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న గుండెలో కూడా ఆ ప్రవాహం వినిపిస్తుంది. పుట్టినప్పటి నుంచి పెద్దయ్యే దాకా చూస్తే, ఏదో ఒక సమయంలో సుమారు సగం మంది పిల్లల్లోనైనా ఇలాంటి శబ్దం వినిపిస్తుంది. పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు మాత్రం వెయ్యి మంది శిశువుల్లో ఎనిమిది, పది మందికి మించవు. ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూసుకుంటేనే సగం భయం పోతుంది.

మీ పాప వయసులో ఎక్కువగా వినిపించేదాన్ని స్టిల్స్ మర్మర్ అంటారు. లండన్‌లో పిల్లల వైద్యుడిగా పనిచేసిన జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ 1909లో దీన్ని వర్ణించారు. ఒకసారి చెవికి అలవాటైతే మరిచిపోలేం. తంబురా తీగను మెల్లగా మీటితే వచ్చే నాదంలాగా, రొమ్ము ఎముకకు ఎడమ పక్క కింది భాగంలో వినిపిస్తుంది. పాప పడుకుంటే పెరుగుతుంది, లేచి కూర్చుంటే తగ్గుతుంది. రెండేళ్ల నుంచి ఏడేళ్ల లోపు బాగా తెలుస్తుంది, పెద్దయ్యే కొద్దీ దానంతట అదే వినపడకుండా పోతుంది. మందులు లేవు, అవసరం కూడా లేదు.

ఇంకొక రకం మెడ సిరల్లోంచి రక్తం కిందికి దిగేటప్పుడు వచ్చే హోరు. దీన్ని నేను తల్లిదండ్రులకే వినిపిస్తాను. ఆమధ్య పాకాల వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి చేతిలో మందమైన ఫైలు పట్టుకుని, పదే పదే "నిజం చెప్పండి సార్" అంటున్నాడు. బాబును ఒళ్లో కూర్చోబెట్టుకోమని, స్టెతస్కోపు ఆయన చెవులకే తగిలించి, కుడి కాలరు ఎముక కింద గొట్టం మొన ఆనించాను. "వినిపిస్తోందా?" అంటే తలూపాడు. బాబు మెడకు కుడి పక్కన వేలితో మెల్లగా నొక్కాను. హోరు ఆగిపోయింది. వేలు తీస్తే మళ్లీ వచ్చింది. పడుకోబెడితే పూర్తిగా పోయింది. గుండెలో రంధ్రం ఉంటే మెడ మీద వేలు పెట్టినంత మాత్రాన ఆ శబ్దం ఆగదు కదా! నేను పావుగంట చెప్పినా కలగని నమ్మకం ఆయనకు ఆ ఒక్క నిమిషంలో కలిగింది. మీరు మాత్రం ఇంట్లో పిల్లల మెడ నొక్కి పరీక్షించకండి, అది తెలిసినవాళ్లు చేయాల్సిన పని.

ఇక జ్వరం సంగతి. జ్వరంలో గుండె వేగం పెరుగుతుంది, ప్రవాహం పెరుగుతుంది, మామూలప్పుడు వినపడనంత చిన్న శబ్దం కూడా స్పష్టంగా వినిపిస్తుంది. రక్తహీనత కూడా ఇదే పని చేస్తుంది. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల పిల్లల్లో నాకు ఎక్కువగా కనిపించే కారణం ఇదే. మూడేళ్లు వచ్చినా రోజుకు నాలుగైదు సార్లు సీసాతో ఆవు పాలు తాగి, అన్నం, పప్పు, ఆకుకూర ముట్టని పిల్లలు ఉంటారు. బొద్దుగా కనిపిస్తారు, కింది కనురెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంటుంది. రెండేళ్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో హిమోగ్లోబిన్ డెసిలీటరు రక్తానికి 11 గ్రాముల కన్నా తక్కువ ఉంటే రక్తహీనత కిందే లెక్క. కాబట్టి ఎకోకు వెళ్లే ముందు రక్తపరీక్ష చేయించండి. ఐరన్ సిరప్ రాస్తే పాలతో కలిపి ఇవ్వకండి, ఒంటికి పట్టదు. విరేచనం నల్లగా వస్తే కంగారు పడకండి, అది మందు రంగే. సీసా మాన్పించి పాలు తగ్గిస్తే గానీ సిరప్ ఒక్కటే పని చేయదు. రక్తం పట్టాక చాలామందిలో మర్మర్ కూడా మాయమవుతుంది.

వయసు ఎందుకు ముఖ్యం

తల్లి కడుపులో ఉండగా శిశువు ఊపిరితిత్తులు పని చేయవు, అక్కడి రక్తనాళాల్లో ఒత్తిడి ఎక్కువ. ఆ ఒత్తిడి పుట్టగానే కొంత, మిగతాది కొన్ని వారాల పాటు మెల్లగా తగ్గుతూ వస్తుంది. గుండె కింది గదుల మధ్య గోడకు పెద్ద రంధ్రం ఉన్నా మొదటి రోజుల్లో రెండు వైపులా ఒత్తిడి దాదాపు సమానం కాబట్టి రక్తం అటు నుంచి ఇటు పెద్దగా దూకదు, శబ్దం రాదు. రెండు వారాల నుంచి ఆరు వారాల మధ్య ఊపిరితిత్తుల వైపు ఒత్తిడి తగ్గుతుంది, అప్పుడు మర్మర్ బయటపడుతుంది, దాంతోపాటు ఆయాసమూ మొదలవుతుంది. "కాన్పు చేసిన చోట బాగుందన్నారే, నెలన్నరకు టీకాకు తీసుకొస్తే రంధ్రం అంటారేమిటి?" అని తల్లిదండ్రులు కోపంతో అడుగుతారు. ఆ రోజు వినపడకపోవడమే సహజం. అందుకే ఆరో వారం టీకా రోజున సూది వేయించుకుని వెళ్లిపోకుండా, పాపాయి గుండె ఒకసారి వినమని డాక్టరును అడగండి.

పసిబిడ్డ విషయంలో నేను స్టెతస్కోపు కన్నా ముందు తల్లిని పాలు పట్టే తీరు గురించి అడుగుతాను. పాలు తాగడమే ఆ వయసులో బిడ్డ చేసే పెద్ద శ్రమ. గుండె సరిగా లేని బిడ్డ ఆకలిగా రొమ్ము పట్టుకుంటుంది, రెండు నిమిషాలు చప్పరిస్తుంది, వదిలేసి రొప్పుతుంది, అలసి నిద్రపోతుంది, అరగంటకే ఆకలితో లేచి ఏడుస్తుంది. రోజంతా పాలు పడుతున్నట్టే ఉంటుంది, బరువు మాత్రం పెరగదు. తాగేటప్పుడు నుదురంతా చెమట పడుతుంది. శ్రీకాళహస్తి దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒక తల్లి ఈ చెమట గురించి నేను అడిగేదాకా చెప్పలేదు. రోహిణి కార్తె కదా, ఎండకు అనుకున్నామంది. ఫ్యాను కింద, ఒంటి మీద పలుచని జుబ్బాతో, కాళ్లు చేతులు చల్లగా ఉన్న బిడ్డకు నుదుటి మీద మాత్రం ముత్యాల్లా చెమట ఉంది. ఆ బిడ్డకు పెద్ద రంధ్రం. నీరు తగ్గే మందులతో, పాలు పిండి గిన్నెతో కొంచెం కొంచెం పట్టిస్తూ బరువు పెంచి, తర్వాత ఆపరేషన్ చేయించారు. ఇప్పుడు ఎదిగి, అల్లరి భరించలేకపోతున్నామని తల్లే చెబుతోంది.

ఇంట్లో మీరు చేయగలిగిన పరీక్ష ఒకటుంది. బిడ్డ నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకి జరిపి, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే పసిపిల్లల్లో తప్పు వస్తుంది, వాళ్లు ఎగుడుదిగుడుగా ఊపిరి తీస్తారు. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40: ఈ అంకెలను తాకినా, దాటినా అది వేగంగా ఊపిరి తీయడమే. డొక్కలు ఎగరేస్తుంటే అంకెతో పని లేకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పదే పదే నెమ్ము చేసి ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తున్న పిల్లలను కూడా గుండె దృష్టితో ఒకసారి చూడాలి. ప్రతిసారీ నెమ్ముకే మందు వేసి పంపితే అసలు కారణం లోపలే ఉండిపోతుంది.

శబ్దం పెద్దదైతే జబ్బు పెద్దదా?

కాదు. చాలాసార్లు తిరగబడి ఉంటుంది. చిన్న రంధ్రంలోంచి రక్తం ఎక్కువ ఒత్తిడితో దూసుకొస్తుంది కాబట్టి గట్టిగా వినిపిస్తుంది, కానీ గుండెకు భారం పడదు. కండర భాగంలో ఉండే ఇలాంటి చిన్న రంధ్రాల్లో చాలావరకు మొదటి రెండేళ్లలో వాటంతట అవే పూడుకుపోతాయి. పెద్ద రంధ్రంలో శబ్దం మెత్తగా ఉండొచ్చు. ఇంకో ప్రమాదం ఉంది. పెద్ద రంధ్రాన్ని సరిచేయకుండా వదిలేస్తే ఏళ్లు గడిచే కొద్దీ ఊపిరితిత్తుల నాళాలు గట్టిపడి, అక్కడి ఒత్తిడి శాశ్వతంగా పెరిగిపోతుంది. అప్పుడు మర్మర్ తగ్గుతుంది, ఆయాసం కూడా కొంత తగ్గినట్టు అనిపిస్తుంది. "ముందు గట్టిగా ఉండేదట, ఇప్పుడు తగ్గిందట, దేవుడి దయ" అని ఇంట్లో సంతోషపడతారు. నిజానికి అది ఆపరేషన్ చేసే అవకాశం చేజారిపోతోందనడానికి గుర్తు. అందుకే తెలిసిన పెద్ద రంధ్రానికి డాక్టరు గడువు చెబితే, వచ్చే ఏడాది చూద్దాం, గ్రహస్థితి మారనీ అని వాయిదా వేయడాన్ని నేను ఒప్పుకోను. ఈ ఒక్క విషయంలో నేను కటువుగానే మాట్లాడతాను.

మీ చీటీలో "2/6" లాంటి అంకె ఉండవచ్చు. ఆరు కవాటాల్లో రెండు చెడిపోయాయని ఒకాయన ఊహించుకుని వచ్చాడు. గుండెకు ఉన్నవే నాలుగు కవాటాలు! అది శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే ఆరు మెట్ల కొలత. ఒకటి, రెండు మెత్తనివి. మూడు, ఆపైన ఉంటే నిపుణులు చూడాలి. నాలుగు నుంచి ఛాతీ మీద చెయ్యి పెడితేనే అదురు తెలుస్తుంది. గుండె ముడుచుకునేటప్పుడు కాక వదులయ్యేటప్పుడు వచ్చే మర్మర్ అయితే, ఎంత మెత్తగా ఉన్నా దాన్ని హాని లేనిదిగా తీసుకోకూడదు.

మీ డాక్టరు ఎకో రాయడం అతిజాగ్రత్త కాదా అని మీరు అడగవచ్చు. చెవికి అనుభవం ఉన్న పిల్లల గుండె నిపుణులు వింటే చాలామందికి ఎకో అక్కర్లేకుండానే తేల్చేస్తారు. కానీ గుండె పై గదుల మధ్య రంధ్రం మోసకారి. పిల్లలు చక్కగా ఎదుగుతారు, ఆడతారు, మర్మర్ కూడా హాని లేనిదానిలాగే మెత్తగా ఉంటుంది. అలాంటిది మూడు నుంచి ఐదేళ్ల వయసులో తెలిస్తే, చాలామందికి ఛాతీ కోయకుండా తొడ సిర ద్వారా గొడుగులాంటి పరికరం పంపి మూసేస్తారు. కాబట్టి ఒక ఎకో వృథా కాదు. ఆలస్యమైతే మటుకు కొంపలు మునగవు.

ఆగకుండా వెళ్లాల్సిన సందర్భాలు

పెదవులు, నాలుక నీలంగా మారడం. చలికి పసిపిల్లల అరచేతులు, పాదాలు నీలం తిరగడం మామూలే. చూడాల్సింది నాలుక, చిగుళ్లు. చామనఛాయ పిల్లల్లో పెదవుల రంగు మోసం చేస్తుంది, నాలుక చేయదు. కరోనా కాలంలో కొన్న ఆక్సిమీటరును పసిపిల్లల వేలికి పెట్టి చూసుకుని ధైర్యపడకండి, భయపడకండి. అది పెద్దల వేలికి చేసినది, చిన్న వేళ్లకు సరిగా పట్టదు.

ఏడుస్తూ ఏడుస్తూ ఒక్కసారిగా బాగా నీలంగా మారి, గట్టిగా రొప్పి, వేలాడిపోయే బిడ్డను మోకాళ్లు కడుపుకు, ఛాతీకి ఆనేలా మడిచి పట్టుకుని వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి. కొంచెం పెద్ద పిల్లలు నాలుగు అడుగులు పరుగెత్తి గొంతుక్కూర్చుంటుంటే అది బద్ధకం కాదు. అలా కూర్చుంటే వాళ్లకు హాయిగా ఉంటుందని వాళ్ల ఒంటికే తెలుసు. ఇలాంటి నీలి జబ్బుల్లో నీలం పెరిగే కొద్దీ మర్మర్ తగ్గిపోవడం కూడా ఉంటుంది.

పరుగెత్తుతూ సొమ్మసిల్లి పడిపోవడం, ఆడేటప్పుడు ఛాతీ నొప్పి, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి చనిపోయిన చరిత్ర: వీటిలో ఏది ఉన్నా మర్మర్ ఉన్నా లేకున్నా గుండె పరీక్ష తప్పనిసరి.

మర్మర్ లేనంత మాత్రాన గుండె బాగున్నట్టు కూడా కాదు. కొన్ని ప్రాణాంతకమైన జబ్బుల్లో అసలు శబ్దమే ఉండదు. అందుకే బిడ్డ పుట్టిన 24 గంటలు దాటాక, ఇంటికి పంపే ముందు కుడి చేతికి, ఒక కాలికి పసిపిల్లల ఆక్సిమీటరు పెట్టి చూడటం మంచి అలవాటు. గజ్జల్లో నాడి అందుతోందో లేదో కూడా చూడాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది. వాళ్లకు శబ్దం ఉందా లేదా అని ఆలోచించకుండా ఎకో తీయించాలి.

ఐదేళ్లు దాటిన పిల్లలకు ఇంకో సంగతి

ఇది మీ పాపకు ఇప్పుడు వర్తించదు, కానీ చదివే మిగతా వాళ్ల కోసం రాయక తప్పదు. ఐదు నుంచి పదిహేనేళ్ల మధ్య పిల్లలకు గొంతు నొప్పి, జ్వరం వచ్చి తగ్గిన రెండు మూడు వారాల తర్వాత కీళ్ల నొప్పులు మొదలవుతాయి. ఈ రోజు కుడి మోకాలు ఎర్రగా వాచి అడుగు వేయనివ్వదు. రెండు రోజులకు అది తగ్గి ఎడమ చీలమండ, తర్వాత మోచేయి. మన ప్రాంతంలో మోకాలు వాచిందంటే ముందు గుర్తొచ్చేది పుత్తూరు కట్టు. ఎక్కడో పడి ఉంటాడు, బెణికి ఉంటుందని తీసుకెళ్తారు. కట్టు కట్టించుకొచ్చేలోగా నొప్పి ఆ కీలు వదిలి ఇంకో కీలుకు పోతుంది కాబట్టి, తగ్గిందనే అనుకుంటారు. విరిగిన ఎముకకు కట్టు సంగతి వేరు. కీలు నుంచి కీలుకు మారే నొప్పికి కారణం రుమాటిక్ జ్వరం కావచ్చు. అది కీళ్లను వదిలేస్తుంది గానీ గుండె కవాటాన్ని పట్టుకుంటుంది. అంతకుముందు లేని మర్మర్ ఇప్పుడు కొత్తగా వినిపిస్తే, అది హాని లేని రకం కాదు.

పదేళ్ల పిల్లవాడు ఒకడు బడి నుంచి ఇంటికి వచ్చే దారిలో రెండుసార్లు కూర్చుండిపోతున్నాడని వాళ్ల అమ్మమ్మ తీసుకొచ్చింది. నెల కిందట ఆ కీళ్ల నొప్పుల కథ అంతా జరిగిందని అడిగితే తెలిసింది. ఎకోలో మిట్రల్ కవాటం సరిగా మూసుకోవడం లేదు. ఈ పిల్లలకు మూడు వారాలకు ఒకసారి బెంజథీన్ పెనిసిలిన్ ఇంజెక్షను ఏళ్ల తరబడి వేయించాలి. అది బాగా నొప్పి పుట్టే సూది, పిల్లలు ఏడుస్తారు, ఆరు నెలలు బాగుంటే తల్లిదండ్రులకు మానేయాలనిపిస్తుంది. మానేసిన తర్వాత మళ్లీ ఒకసారి జ్వరం తిరగబెడితే కవాటం ఇంకా పాడవుతుంది. తేదీలు గోడ క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. పండగలు, పెళ్లిళ్లు అడ్డొచ్చినా ఆ తేదీ తప్పకూడదు.

ఎకోకు వెళ్లేటప్పుడు

ఇందులో నొప్పి లేదు, సూది లేదు, రేడియేషన్ లేదు. ఛాతీ మీద జెల్ రాసి ఒక చిన్న పరికరం కదుపుతూ తెర మీద చూస్తారు. పాప కదలకుండా ఉండాలి, అంతే. మధ్యాహ్నం నిద్రపోయే వేళకు వెళ్లి, ఇష్టమైన బొమ్మ, ఫోనులో నాలుగు పాటలు సిద్ధంగా పెట్టుకుంటే చాలామందికి నిద్రమందు అవసరం ఉండదు. పిల్లల గుండెలు చూసే వైద్యుల దగ్గరే తీయించండి. పెద్దల గుండెపోట్లకు ఎకో తీసేవాళ్లు ఎంత అనుభవజ్ఞులైనా, పిల్లల్లో వెతకాల్సినవి వేరు.

పసిబిడ్డల ఎకో రిపోర్టుల్లో ఎక్కువగా భయపెట్టే మాట పీఎఫ్ఓ. గుండె పై గదుల మధ్య కడుపులో ఉన్నప్పుడు తెరిచి ఉండే చిన్న దారి అది. పుట్టిన కొద్ది వారాల్లో దాదాపు అందరిలోనూ ఉంటుంది. పెద్దవాళ్లలో కూడా నలుగురిలో ఒకరికి పూర్తిగా మూసుకోకుండా ఉండిపోతుంది, జీవితాంతం వాళ్లకు ఆ సంగతే తెలియదు. రిపోర్టులో "రెండు మిల్లీమీటర్ల పీఎఫ్ఓ" అని చదివి బంధువులందరికీ ఫోన్లు చేసి ఏడ్చేలోపు, రాసిన డాక్టరుతో ఒక్క నిమిషం మాట్లాడండి.

ఎక్కడికి వెళ్లాలంటే, తిరుపతిలో పిల్లల గుండెల కోసమే తిరుమల తిరుపతి దేవస్థానం వారి శ్రీ పద్మావతి హృదయాలయం ఉంది. 2021 అక్టోబరులో మొదలైంది. అంతకుముందు ఇక్కడి పిల్లల్లో చాలామంది చెన్నైకో, బెంగళూరుకో, వేలూరు సీఎంసీకో వెళ్లాల్సి వచ్చేది. స్విమ్స్, రుయా ఆసుపత్రులు ఎటూ ఉన్నాయి. పలమనేరు, చిత్తూరు వాళ్లకు వేలూరు కూడా దగ్గరే. ఆపరేషనే అవసరమైతే ఇదివరకు ఆరోగ్యశ్రీ అన్న పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో ఉంది, అర్హత ఉన్న కుటుంబాల పిల్లల గుండె శస్త్రచికిత్సలకు వర్తిస్తుంది. పొలం తాకట్టు పెట్టే ముందు ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే వైద్యమిత్రను కలవండి. అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు కూడా పిల్లల్ని చూసి పెద్దాసుపత్రికి పంపిస్తాయి, ఖర్చు లేకుండా. ఆ రోజు పిల్లల్ని బడి మాన్పించకండి.

ఇక మీ మిగతా ప్రశ్నలు. పాపను ఆడనివ్వండి. మెట్లు ఎక్కనివ్వండి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. మూడేళ్ల పిల్ల గాలిగోపురం చేరకముందే ఎత్తుకోమంటుంది, దానికి గుండెతో సంబంధం లేదు, మీ భుజాలను సిద్ధం చేసుకోండి. తలనీలాలు, చెవులు కుట్టించడం, టీకాలు ఏవీ ఆపనక్కర్లేదు. మర్మర్ పేరు చెప్పి టీకాలు వాయిదా వేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. ఒకవేళ ఎకోలో నిజమైన లోపం తేలితే, అప్పుడు పళ్ల విషయంలో జాగ్రత్త పెంచాలి. పుచ్చిన పళ్ల నుంచి క్రిములు రక్తంలోకి వెళ్లి గుండె లోపలి పొరకు పట్టుకునే ప్రమాదం ఉంది. రోజూ రెండు పూటలా పళ్లు తోమించడం, పన్ను పీకించే ముందు యాంటీబయాటిక్ కావాలా అని గుండె డాక్టరును అడగడం మరవకండి.

మేనరికం వల్లే ఇలా జరిగిందా అని చాలామంది తల్లులు గొంతు తగ్గించి అడుగుతారు, అత్తగారు పక్కనే ఉంటే ఇంకా తగ్గించి. హాని లేని మర్మర్‌కు మేనరికానికి సంబంధమే లేదు. నిజమైన లోపాల విషయంలో దగ్గరి సంబంధాల్లో ప్రమాదం కొంత పెరుగుతుంది. కానీ మేనరికం లేని ఇళ్లలోనూ ఇవి వస్తాయి, చాలాసార్లు ఏ ఒక్క కారణమూ చూపించలేం. గ్రహణం రోజు బయటికి వచ్చిందనో, బొప్పాయి తిన్నదనో తల్లిని నిందించడం మాత్రం ఆపండి. ఒక బిడ్డకు పుట్టుకతో గుండె లోపం ఉంటే తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం సాధారణంగా నూటికి రెండు మూడు. అందుకని తర్వాతి కాన్పులో ఐదో నెల ప్రాంతంలో కడుపులోని బిడ్డ గుండెకు ప్రత్యేకంగా ఎకో తీయించుకోవడం మంచిది.

చివరిగా, ఎకోలో ఏమీ లేదని తేలిన తర్వాతి సంగతి. నా దగ్గరికి నాలుగేళ్ల పాప ఒకతె వచ్చింది, ఏడాది కిందట ఎకో పూర్తిగా మామూలుగా ఉంది. అయినా ఇంట్లో ఆమెను పరుగెత్తనివ్వరు, ఏడవనివ్వరు, అడిగిందల్లా చేతిలో పెడతారు. బడిలో ఆటల వేళ టీచరు పక్కన కుర్చీలో కూర్చోబెట్టమని చెప్పి వచ్చారు. ఆ పాపకు ఉన్న జబ్బు ఆ కుర్చీయే. మీ పాపకు రిపోర్టు బాగుందంటే బడి దరఖాస్తులో "గుండె జబ్బు ఉందా" అన్న చోట "లేదు" అనే రాయండి. రిపోర్టు కాపీ ఒకటి టీకాల కార్డుతో కలిపి పెట్టుకోండి. వచ్చే ఏడాది ఏ జ్వరానికో ఇంకో డాక్టరు విని మళ్లీ మర్మర్ ఉందంటారు, అప్పుడు ఆ కాగితం చూపిస్తే సరిపోతుంది. ఎకో అయ్యాక పాప బరువు, హిమోగ్లోబిన్, రిపోర్టులో చివరి రెండు వాక్యాలు ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.